రాక్ గాయకుల పొడుపుకథలు

పొడుపుకథ వేయుటయు విప్పుటయు మన యిండ్లలో వంటయింటి గడపకడనే యలవడు విద్యలు. పప్పు రుబ్బుచు నొకరు వేయగా కూర తరుగుచు నింకొకరు విప్పుదురు. నేటి పిల్లలాడుకొను ప్రశ్నల పోటీలలో నీ విద్యయే క్రొత్త వేషము దాల్చినది. ఫలానా యూర బుట్టి, ఫలానా పాట పాడి, ఫలానా యేట కీర్తి గడించిన గాయకు డెవరని యడుగుదురు. అందు మిక్కిలి ప్రచారములో నున్నవి పాశ్చాత్యుల రాక్ సంగీతమునకు సంబంధించిన ప్రశ్నలు. మన సోదరీమణులలో బెక్కురు ఆ మాట వినగానే "అది మగపిల్లల గోల, మనకేల" యని పెడమొగము పెట్టుదురు. ఆ గోలలో మన మెరుగదగిన కథలు కొన్ని గలవనియు, వానిలో గొన్నింటికి లోకము తప్పు జవాబులు చెప్పుచున్నదనియు మాకు దోచుటచే నీ వ్యాసము వ్రాయుచున్నాము.

రాక్ సంగీత మనగా నేమో రెండు మాటలలో జెప్పి ముందునకు సాగెదము. అమెరికాలోని నల్లజాతివారు తమ దేవాలయములలో బాడుకొను భక్తిగీతములు, తమ దుఃఖమును వెళ్లబోసికొను 'బ్లూస్' పాటలు, అచ్చటి తెల్లవారి పల్లెపాటలు – ఇవి యన్నియు గలిసి 1950 ప్రాంతమున నొక క్రొత్త రూపు దాల్చినవి. విద్యుచ్ఛక్తిచే ధ్వని హెచ్చింపబడిన గిటారు, మంద్రస్వరములు పలుకు బేస్ గిటారు, డ్రమ్ములు దీనికి ముఖ్యవాద్యములు. 1960 తరువాత నింగ్లండు యువకులు దీనిని గైకొని లోకమంతట వ్యాపింపజేసిరి. త్యాగరాజస్వామి కృతులయందలి శాంతిని దీనిలో వెదకరాదు. వెదకి లేదని నిందించుటయు న్యాయము గాదు.

ఇట్టి పొడుపుకథలు విప్పుటలో మనకు గురువు దమయంతి. ఆమె నలుని రెండుమారులు గుర్తింపవలసివచ్చెను. స్వయంవరమున నలుగురు దేవతలు నలుని రూపము దాల్చి నిలువగా, చెమట పట్టినవాడు, రెప్ప వాల్చినవాడు, పాదములు నేల నానినవాడు ఎవడో కనిపెట్టి మాల వైచెను. అది సులభమైన పరీక్ష. రెండవది కఠినము. కర్కోటకుని కాటుచే నలుడు కురూపియై, బాహుకు డను పేర ఋతుపర్ణుని కొలువులో నుండెను. పూర్వపు రూపమును లేదు, పేరును లేదు. అప్పు డామె మొదట రథధ్వని విని యనుమానించెను. పిదప కేశినిని బంపి, అతడు చూచినంతనే వట్టి కుండలలో నీరు నిండుటయు, పట్టిన గడ్డి తనంత నంటుకొనుటయు, నలిపిన పువ్వులు వాడకుండుటయు దెలిసికొనెను. కడపట నతడు వండిన మాంసము దెప్పించి రుచి చూచి, ఇది నలుని చేతివంటయే యని నిశ్చయించుకొనెను. మొగముచే గాదు, చేతిపనిచే మగని గుర్తించినది.

రాక్ గాయకులలో బాహుకుని మించిన వేషధారులు గలరు. డేవిడ్ జోన్స్ అను నింగ్లీషు యువకుడు, ఇంచుమించు తన పేరే గల వేరొక గాయకుడు ప్రసిద్ధికి వచ్చుటచే, పేరు మార్చుకొని డేవిడ్ బౌయీ యయ్యెను. 1972లో జుట్టునకు ఎర్రరంగు వేసికొని 'జిగ్గీ స్టార్‌డస్ట్' అను కల్పితపురుషుని వేషమున రంగమెక్కెను. ఆ వేషమునకు లోకమంతయు మోహపడుచుండగా 1973లో దానిని విడిచి మరియొకటి గైకొనెను. ఛాయాచిత్రము చూచి యితనిని గుర్తింప బూనువారు ఏటేట క్రొత్త చిత్రము కొనవలసినదే. కాని బడిలో జదువుకొను నాడు స్నేహితుడు గ్రుద్దిన గ్రుద్దునకు విప్పారి, అట్లే నిలిచిపోయిన యెడమకంటి పాప మాత్రము కడవరకు మారలేదు. దేవతల రెప్పవాల్పువంటి గుర్తు అది.

అన్ని గుర్తులు నిట్లు పనికివచ్చునా? తర్కసంగ్రహము చదివినవారికి లక్షణదోషములు మూడని తెలియును. చదువనివారికి గొడ్లసావడియే చాలును. ఆవనగా కొమ్ములు గలది యన్నచో గేదెకును కొమ్ములున్నవి. అది యతివ్యాప్తి. కపిలవర్ణము గలది యన్నచో తెల్లయావు వెలియగును. అది యవ్యాప్తి. ఒంటిగిట్ట గలది యన్నచో నట్టి యావు లోకముననే లేదు. అది యసంభవము. మెడక్రింద గంగడోలు వ్రేలాడునది యన్నప్పుడే యావు ఆవుగా నిలుచును. పిల్లలు వేయు ప్రశ్నలలో ముప్పాతికమువంతు కొమ్ముల ప్రశ్నలే గాని గంగడోలు ప్రశ్నలు గావు.

"ఎడమచేతివాటము గల గిటారువాదకు డెవరు?" అని యడుగుదురు. అమెరికాలోని సియాటిల్ నగరమున 1942లో బుట్టిన జిమీ హెండ్రిక్స్ అని జవాబు వచ్చును. కుడిచేతివారికై చేసిన గిటారును తలక్రిందుగా బట్టి యతడు వాయించిన మాట నిజమే. కాని బీటిల్సు బృందమునందలి పాల్ మెకార్ట్నీయు నెడమచేతివాడే, కర్ట్ కోబేనును నట్టివాడే. "సితారు వాయించిన రాక్ వాదకు డెవరు?" అన్నచో జార్జి హారిసన్ అందురు. 1965లో బీటిల్సువారి పాటలో నతడు సితారు వాయించెను గాని, 1966లో రోలింగ్ స్టోన్సు బృందములోని బ్రయన్ జోన్సును వాయించెను. మన రవిశంకరుని కడ శిష్యరికము చేసి, 1971 ఆగస్టు 1వ తేదీన న్యూయార్కులో బంగ్లాదేశ శరణార్థులకై గురువుతో గూడి కచేరి యేర్పరచినవా డెవరన్నచో నప్పుడు హారిసన్ ఒక్కడే మిగులును.

కాలము గడచినకొలది చెడిపోవు గుర్తులును గలవు. అమెరికాలో క్లీవ్‌లండు నగరమున 'రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్' అను కీర్తిమందిరము గలదు. మొదటి రికార్డు వెలువడి 25 సంవత్సరములు గడచిన గాయకుల నేరి యందు జేర్చుకొందురు. 1986లో మొట్టమొదట జేర్చుకొనబడినవారిలో నొక్క స్త్రీయు లేదు. మరుసటి యేట అరీతా ఫ్రాంక్లిన్ ఆ గడప త్రొక్కిన మొదటి స్త్రీ యయ్యెను. 1998లో ఫ్లీట్‌వుడ్ మాక్ బృందముతో జేరిన స్టీవీ నిక్స్, 2019లో తన స్వంత గానమునకై రెండవమారు చేరెను. రెండుమారులు చేరిన యాడుది యెవరని యానాడడిగినచో జవాబు ఒక్కటే. 2021లో టీనా టర్నర్, కేరల్ కింగ్ అను నిరువురును రెండవమారు చేరుటచే నా ప్రశ్న చెడినది. "మొదటి స్త్రీ యెవరు?" అని యొక్కమాట చేర్చినచో నేటికిని నిలుచును.

ఇక బాలురకు మిక్కిలి ప్రీతియగు ప్రశ్న యొకటి: "ఇరువదియేడవ యేట మరణించిన గాయకు లెవరు?" బ్రయన్ జోన్స్ 1969లోను, హెండ్రిక్స్, జానిస్ జాప్లిన్ 1970లోను, జిమ్ మోరిసన్ 1971లోను, కోబేన్ 1994లోను ఆ వయస్సుననే పోయిరి. చిన్నవయస్సు చావులను లెక్కపెట్టి వినోదించుట మాకు రుచింపదు. అదియునుగాక, చావు ఒకరినుండి యొకరిని వేరుచేయు గుర్తు గాదు. అందు జానిస్ జాప్లిన్ అను నామెను వేరుగా గుర్తింపదలచినచో ఆమె చేసిన యీ పనిని జెప్పవలెను. బెస్సీ స్మిత్ అను నల్లజాతి గాయని, బ్లూస్ పాటలకు మహారాజ్ఞి యనిపించుకొన్నది, 1937లో మోటారు ప్రమాదమున మరణించెను. ఆమె సమాధిపై ముప్పది యేండ్లకు మించి పేరు చెక్కిన రాయి లేకుండెను. 1970 ఆగస్టులో జానిస్, బాల్యమున బెస్సీ యింట బనిచేసియుండిన యొక స్త్రీతో గలిసి, సొమ్మిచ్చి యా రాతిని నిలుపజేసెను. రెండు నెలలు గడువకముందే తానును గతించెను. తనకు బాట నేర్పిన వేరొక గాయని సమాధికి రాయి యెత్తించిన రాక్ గాయని యెవరని యడిగినచో, ఆ యైదుగురిలో నీమె యొక్కతెయే నిలుచును.

చేతిపనిచే గుర్తించుటకు బ్రయన్ మే కథకంటె జక్కనిది మాకు దోచలేదు. 1963లో లండనునొద్ద నొక బాలుడు విద్యుత్ గిటారు కొనగోరెను. కొనుటకు సొమ్ము లేదు. తండ్రి విద్యుద్యంత్రముల పని దెలిసినవాడు. తండ్రికొడుకు లిరువురును రమారమి రెండేండ్లు శ్రమించి గిటారును దామే చేసిరి. చలిదేశములలో గదిగోడలో నిప్పు రాజుకొను గూటిపైన నొక కొయ్యదూలము నమర్తురు. నూరేండ్లనాటి యట్టి పాత కొయ్య గిటారు మెడ యయ్యెను. పురుగు తొలిచిన బెజ్జములను అగ్గిపుల్లలతో బూడ్చిరి. ఒక పాత బల్లలోని ఓకు చెక్క దేహమున జేరెను. తీగలను సడలించి బిగించు మీటకు మోటారుసైకిలు స్ప్రింగులు, సైకిలుసంచిని మోయు కమ్మి, దాని కొసకు ఉన్ని యల్లు సూది మొన! స్వరస్థానముల గుర్తునకై మెడపై బొదిగిన ముత్యపుచిప్ప చుక్కలు తల్లి కుట్టుపెట్టెలోని గుండీలు. మన యిండ్లలో చినిగిన చీర బొంతయగును, విరిగిన పీట కవ్వపు బిళ్లయగును. ఇల్లాలు పారవేయనిచ్చిన వస్తువు లేదు గదా! అట్టి పొదుపునుండి పుట్టిన యా గిటారునే యతడు నేటికిని వాయించుచున్నాడు. మీటుటకు పాతకాలపు ఆరుపెన్నీల నాణెము వాడును. 2002లో ఇంగ్లండు రాణి సింహాసనమెక్కి యేబదియేండ్లు నిండిన యుత్సవమున బకింగ్‌హాము రాజభవనపు మిద్దెపై నిలిచి యీ గిటారునే పలికించెను.

అంతటితో నిలువలేదు. ఖగోళశాస్త్రమున పరిశోధన ప్రారంభించి, క్వీన్ అను బృందమున గీర్తి వచ్చుటచే దానిని విడిచి, ముప్పదియేండ్లకు మించిన పిదప మరల బూని, సూర్యుని చుట్టు దిరుగు ధూళిని గూర్చిన గ్రంథమునకు 2007లో డాక్టరు పట్టము గైకొనెను. సూదిమొన గిటారును, ధూళి పట్టమును గల వాదకుడు రెండవవాడు లేడు. ఇది నిక్కమైన గంగడోలు.

వ్రేలు పోగొట్టుకొన్న గిటారువాదకు డెవరన్న ప్రశ్న మరల కొమ్ముల ప్రశ్నయే. జెర్రీ గార్సియా యను నమెరికావాడు పసితనమున అన్న కట్టెలు గొట్టుచుండగా గొడ్డలి తగిలి కుడిచేతి నడిమివ్రేలు పోగొట్టుకొనెను. బర్మింగుహాము కార్మికుడు టోనీ అయోమీ కథ వేరు. 1965లో బదునేడేండ్ల వయస్సున నతడు రేకుల కార్ఖానాలో బనిజేయుచు, పాటకచేరులకై పని మానుకొనదలచెను. అది కడపటి దినము. మధ్యాహ్నము భోజనమునకు ఇంటికి వచ్చి, ఇక పోనవసరము లేదనగా, చేపట్టిన పని పూర్తిచేసి రమ్మని తల్లి మరల బంపెను. ఆ సాయంకాలమే రేకులు నొక్కు యంత్రమున బడి కుడిచేతి రెండు వ్రేళ్ల కొసలు తెగిపోయెను. అతడు ఎడమచేతివాడగుటచే తీగలను నొక్కవలసినవి ఆ వ్రేళ్లే. ఆ తల్లి యా రాత్రి యెట్లు గడపెనో యే పుస్తకమునను జదివి తెలిసికొన నక్కరలేదు. మనలో నెవ్వరు నట్లే పంపియుందుము.

అప్పుడు కార్ఖానాలోని పై యుద్యోగి యొకడు, జాంగో రైన్‌హార్ట్ అను వాదకుని రికార్డు వినిపించి, ఇతడు అగ్నిప్రమాదమున రెండు వ్రేళ్లు చెడియు నిట్లు వాయించుచున్నాడని చెప్పి ధైర్యమిచ్చెను. టోనీ ప్లాస్టిక్ సబ్బుసీసాను కరగించి, కుట్టుపనివారు తొడుగుకొను వ్రేలితొడుగులవంటి వానిని జేసికొని, పాత తోలు కోటు ముక్కలు పైనంటించి వాయింప నేర్చెను. సన్నని తీగలు వేసెను, పిదప నొత్తుటకు సులువగునట్లు వానిని సడలించి శ్రుతి దించెను. శ్రుతి దిగుటచే ధ్వని బరువెక్కెను. అతని బ్లాక్ సబ్బాత్ బృందపు మొదటి రికార్డు 1970లో రాగా, ఆ బరువైన ధ్వనితో 'హెవీ మెటల్' అను నొక శాఖయే వెలసెను. రథధ్వని విని దమయంతి గుర్తించినట్లు అతనిని ధ్వనిచేతనే గుర్తింపవచ్చును. డెఫ్ లెపర్డ్ బృందమునందలి రిక్ అలెన్, 1984 డిసెంబరు 31వ తేదీన కారు ప్రమాదమున నెడమచేయి పోయినను, కాళ్లతో మీటు పరికరము లమర్చుకొని డ్రమ్ములు వాయించుటను గూడ నిచ్చట స్మరింపవలెను.

అవ్యాప్తికి ఉదాహరణము గావలెనన్న ఆ క్వీన్ బృందములోనే దొరకును. దాని ప్రధాన గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీని "ఇంగ్లీషు గాయకుడు" అని మాత్రము చెప్పినచో నతని జీవితములో సగము వెలియగును. అతని యసలు పేరు ఫరూఖ్ బల్సారా. తలిదండ్రులు గుజరాతునుండి వెళ్లిన పార్సీలు. తండ్రి యుద్యోగము చేయుచుండిన జాంజిబారు దీవిలో 1946 సెప్టెంబరు 5వ తేదీన నతడు పుట్టెను. ఎనిమిదేండ్ల వాడై యుండగనే సముద్రము దాటించి మన పశ్చిమకనుమలలోని పంచగనిలో సెయింట్ పీటర్స్ పాఠశాలయందు వసతిగృహమున జేర్చిరి. పియానో నేర్చినది, ఫ్రెడ్డీ యని పిలువబడినది, తోడి బాలురతో 'హెక్టిక్స్' అను మేళము గట్టినది నచ్చటనే. 1964లో జాంజిబారున విప్లవము చెలరేగగా ఆ కుటుంబము ఇంగ్లండు చేరెను. చిత్రలేఖనము నభ్యసించుటచే బృందపు చిహ్నమును దానే గీసెను. 1975లో 'బొహీమియన్ రాప్సడీ' యను నించుమించు ఆరు నిమిషముల పాట కట్టగా, ఇంత నిడుపు పాటను రేడియోవారు వేయరని పెద్దలందరును సందేహించిరి. 1985 జూలై 13వ తేదీన లండను వెంబ్లీ క్రీడాస్థలమున నితియోపియా క్షామబాధితులకై జరిగిన కచేరిలో డెబ్బదివేలమంది చేతు లొక్కమారుగా ఎత్తించి పాడించినవా డతడే. 1991 నవంబరు 24వ తేదీన నలుబదియైదవ యేట గతింపగా జొరాస్ట్రియను మతవిధుల ననుసరించి యంత్యక్రియలు జరిపిరి. పంచగని బడిని చేర్చి ప్రశ్న వేసినచో మన పిల్లలు చెవులు నిక్కించి విందురు.

మూడవ దోషమైన యసంభవము మాకు మిక్కిలి బాధాకరముగా దోచుచున్నది. "హౌండ్ డాగ్ అను గీతమును మొదట రికార్డునకు బాడిన గాయకు డెవరు?" అని యడిగినచో వెంటనే ఎల్విస్ ప్రెస్లీ యందురు. అట్టి గాయకుడు లేడు. ఒంటిగిట్ట యావువంటి ప్రశ్న అది. మొదట బాడినది స్త్రీ. అలబామా రాష్ట్రమున 1926లో బుట్టిన విల్లీ మే థార్న్‌టన్, పురోహితుని కూతురు. తల్లి చిన్ననాడే పోగా, కల్లుదుకాణమున దొట్లు కడిగి, పదునాలుగేండ్లకే సంచారమేళముతో నిల్లు విడిచెను. హార్మోనికాయు డ్రమ్ములును తనంతట నేర్చెను. భారీ విగ్రహ మగుటచే 'బిగ్ మామా' యనిరి. 1952 ఆగస్టు 13వ తేదీన లాస్ ఏంజిలిస్ నగరమున నామె యీ పాట పాడెను. వ్రాసిన జెర్రీ లీబర్, మైక్ స్టోలర్ అను యువకు లామెకొరకే వ్రాసిరి. 1953లో నల్లజాతివారి సంగీతపు పట్టికలో నేడువారములు అగ్రస్థానమున నుండెను. ఆ పాట యర్థమేమన, తిండికిని పొందునకును మాత్రము గుమ్మము చుట్టు దిరుగు పనికిమాలిన మగవానిని ఒక యిల్లాలు దులిపివేయుట. 1956లో ఎల్విస్ మాటలు మార్చి పాడగా అది నిజముగనే కుక్కను తిట్టు పాట యయ్యెను, లక్షలకొలది యమ్ముడుపోయెను. తన చేతికి వచ్చినది 500 డాలర్లు మాత్రమే యని విల్లీ మే చెప్పుకొనెడిది. 1967లో జానిస్ జాప్లిన్ మాంటరీ యుత్సవమున బాడి పేరు గడించిన 'బాల్ అండ్ చైన్' పాటయు నీమె కట్టినదే. 1984లో గతించెను. కీర్తిమందిరమువా రామెను 2024లో జేర్చుకొనిరి.

ఇంతకు ముందునకు బోదము. రాక్ సంగీతము పేరు పుట్టకమున్నే విద్యుత్ గిటారు భుజమున దగిలించుకొని యా తీరున వాయించిన దెవరు? చక్ బెర్రీ యనియు, ఎల్విస్ అనియు, లిటిల్ రిచర్డ్ అనియు వాదులాడుదురు. ఆర్కన్సా రాష్ట్రమున కాటన్ ప్లాంట్ అను నూర 1915 మార్చి 20వ తేదీన బుట్టిన రొజెటా పేరు చెప్పువారు మొన్నమొన్నటివరకు నరుదు. ఆమె తల్లి కేటీ బెల్, మాండొలిన్ మీటుచు నూరూర దేవుని మహిమ చాటు ప్రచారకురాలు. మన హరికథకురాండ్ర వంటి దన్నచో దగును. పసిబిడ్డయగు రొజెటా గిటారు పట్టి తల్లి ప్రక్కన నిలువబడి పాడెడిది. థార్ప్ అను ప్రచారకుని బెండ్లాడి, వివాహము నిలువకపోయినను అతని యింటిపేరును కొంచెము మార్చి యుంచుకొని 'సిస్టర్ రొజెటా థార్ప్' అను పేర 1938లో రికార్డులిచ్చెను. భక్తిగీతములను నాట్యశాలలలో బాడుచున్నదని దేవాలయమువారు కొందరు కోపించిరి. లౌకికులు భక్తి యెక్కువైన దనిరి. ఆమె రెంటిని విడువలేదు. 1944లో నామె పాడిన 'స్ట్రేంజ్ థింగ్స్ హాపెనింగ్ ఎవ్విరీ డే' యను గీతమును రాక్ సంగీతమునకు బీజముగా నెన్నువారు గలరు. 1947లో మేకన్ నగరమున బదునాలుగేండ్ల బాలునొకని పాట విని తన కచేరివేదిక నెక్కించెను. అతడే లిటిల్ రిచర్డ్. జానీ క్యాష్ బాల్యమున దనకు బ్రియమైన గాయని యీమెయే యని చెప్పెను.

1951లో వాషింగ్టను క్రీడాస్థలమున టిక్కెట్లు పెట్టి మూడవ పెండ్లి చేసికొని, పెండ్లిదుస్తులతోనే గిటారు వాయించినది. ఇది మన కించుక వింతగానే యుండును, మాకును నచ్చలేదు. కాని వేలకొలది జనులు టిక్కెట్టు కొని చూడవచ్చిరి. 1964 మే 7వ తేదీన ఇంగ్లండులోని మాంచెస్టరునొద్ద రైళ్లు మానివేసిన యొక పాత స్టేషనున టెలివిజనువారు కచేరి పెట్టిరి. శ్రోతలు ఒక ప్లాట్‌ఫారముపైన, పాడువారు పట్టాల కవ్వలి ప్లాట్‌ఫారముపైన. వాన కురిసి నేల తడిసియుండెను. రొజెటా గుఱ్ఱపుబండి దిగి, పెద్ద కోటుతో నడచివచ్చి, తెల్ల గిటారు తగిలించుకొని నోవా కాలపు జలప్రళయమును గూర్చిన భక్తిగీతము నెత్తుకొనెను. ఆ చిత్రము నేటికిని లభించుచున్నది. యేబది దాటవచ్చిన యా యిల్లాలి వ్రేళ్లు చూచినవారికి మొదటి ప్రశ్నకు జవాబు మేము చెప్పనక్కరలేదు.

1970లో పక్షవాతము వచ్చెను. పిదప మధుమేహముచే కాలు తీసివేయవలసివచ్చెను. 1973 అక్టోబరు 9వ తేదీన ఫిలడెల్ఫియాలో మరణించెను. బెస్సీ స్మిత్ సమాధికి రాయి లేనట్లే యీమె సమాధికిని ముప్పదియేండ్లకు మించి రాయి లేకపోయెను. 2007లో గేల్ వాల్డ్ అను నాచార్యురా లామె జీవితచరిత్ర వ్రాసెను. మరుసటి యేట నభిమానులు కచేరి పెట్టి సొమ్ము గూర్చి, పేరు చెక్కించిన రాయి వేయించిరి. కీర్తిమందిరము తలుపు 2018లో దెరువబడెను.

పేరే వ్రాయబడని పనికి పొడుపుకథ వేయుట మరింత కష్టము. కేరల్ కే యను నామె 1963లో లాస్ ఏంజిలిస్ స్టూడియోలో బేస్ గిటారు వాయించువాడు రానినాడు దానిని చేతబట్టెను. బిడ్డలను తల్లిని బోషించుకొనుచు, బీచ్ బాయ్స్ మొదలగువారి పాటలతో గూడి రమారమి పదివేల రికార్డులలో వాయించినదని యంచనా. రికార్డు అట్టపై పాడినవారి పేరే గాని వాయించిన కూలివారి పేరుండదు. 2025లో కీర్తిమందిరమువా రామెను బిలువగా, స్టూడియో పని పలువురి కూటమి పని గాని యొక్కరిది గాదని చెప్పి రానన్నది.

ఇక నొక్క కథను విప్పకుండనే పాఠకురాండ్రకు విడుచుచున్నాము. 1939లో టెనెసీ రాష్ట్రమున బుట్టి, పత్తిచేలలో బనిజేసిన బాలిక. ఆమెను పాటకు దెచ్చిన పురుషుడు 1960లో రికార్డుపై దాను గల్పించిన పేరు వేయించి, పిదప బెండ్లాడి, కొట్టి హింసించెను. 1976 జూలైలో డల్లస్ నగరమున నొక రాత్రి, 36 సెంట్లును పెట్రోలుకొట్టు చీటియు మాత్రము గలిగి, రహదారి నడ్డముగా బరుగెత్తి యతనిని విడిచెను. 1978లో విడాకులు తీరునప్పుడు సొమ్మునకై పెనుగులాడక, ఆ పేరు తనకు మిగిలిన జాలుననెను. అది యతడు పెట్టిన పేరే. కాని పదునారేండ్లు దానిని బాడి నిలిపినది తాను. 1984లో నలుబదినాలుగేండ్ల వయస్సున నామె పాట యమెరికాలో మొదటి స్థానమునకు వచ్చెను. 1988లో బ్రెజిలు దేశమున మరకానా క్రీడాస్థలమున లక్షకు మించిన జనము ఆమె పాట వినవచ్చిరి. కీర్తిమందిరమున 1991లో ఆ భర్తతో గలిపియు, 2021లో నొంటిగాను జేర్చుకొనబడి, 2023 మే 24వ తేదీన స్విట్జర్లండున గతించెను. ఆ పేరును మేము వ్యాసములో నొకచోట నిదివరకే వ్రాసియున్నాము. వెదకి చూడుడు.